విల్లాల లాన్‌లో గుండ్రటి మచ్చలు: రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు, బిల్లు ఆపేశారు

గోపి_లాన్స్ | ఆగస్టు 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాది కొంపల్లి వైపు చిన్న లాన్ మెయింటెనెన్స్ పని. ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెట్రోల్ మెషిన్, ఒక బ్యాటరీ స్ప్రేయర్, పాత ట్రాలీ ఆటో. ఒకే గేటెడ్ కమ్యూనిటీలో పదకొండు విల్లాలు చేస్తాను. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది.

జులై చివర్లో వారం రోజులు ముసురు పట్టింది కదా, అది వదిలాక ఆరు విల్లాల్లో గడ్డి ఎండిపోవడం మొదలైంది. పళ్లెం అంత మచ్చ మూడు రోజుల్లో తాంబాళం అంత అయింది. షాపాయన కార్బెండజిమ్ అనే బూజు తెగులు మందు ఇచ్చాడు. లీటరుకు ఒక గ్రాము చొప్పున వారం తేడాతో రెండుసార్లు కొట్టాం. రెండు చోట్ల కాస్త ఆగినట్టుంది, మిగతా చోట్ల ఇంకా పెరిగింది. పచ్చగా తేరుకుంటుందని యూరియా కూడా చల్లాను. ఇప్పుడు 7వ నంబరు సార్ "నువ్వొచ్చాకే నా గడ్డి పోయింది" అని జులై బిల్లు ఆపేశాడు. 9వ నంబరు వాళ్లు వేరే మనిషిని చూసుకుంటామంటున్నారు.

ఏ మందు కొట్టాలో చెప్పండన్నా. రేపు పొద్దున్నే వెళ్లాలి.

తోటపని_రాజు | ఆగస్టు 9, రాత్రి 11:05

కార్బెండజిమ్, మ్యాంకోజెబ్ కలిపిన పొడి దొరుకుతుంది. లీటరుకు రెండు గ్రాములు. కొట్టేసి పడుకో. పదేళ్లుగా నాది అదే పద్ధతి.

మెషిన్_మల్లేష్ | ఆగస్టు 9, రాత్రి 11:20

రాజన్నా, నీకు అన్నిటికీ అదే మందు. మోకాలు నొప్పి అన్నా అదే కొట్టమంటవ్.

గోపీ, మందు ముచ్చట తర్వాత. ఒక విల్లా నుంచి ఇంకో విల్లాకు పోయేటప్పుడు మెషిన్ కడుగుతున్నరా? బ్లేడు ఎన్నడు సాన పట్టించినవ్? ముసుర్ల తడిగడ్డి మీదనే మెషిన్ కొట్టిన్రా? ముందు గీ మూడు చెప్పు.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 10, ఉదయం 5:10

గోపిగారూ, పొద్దున్నే వెళ్తానన్నారు కాబట్టి లేవగానే రాస్తున్నాను. మందు డబ్బా ఇంట్లో పెట్టి వెళ్లండి.

మంచు ఆరకముందే చేరుకుని మచ్చ అంచున కూర్చోండి. నడిమధ్య చచ్చిన గడ్డి మీకేమీ చెప్పదు. తెగులు ఇప్పుడు ఎక్కడ నడుస్తోందో అక్కడ, అంటే పచ్చగడ్డీ ఎండుగడ్డీ కలిసేచోట చూడాలి. అక్కడ గుప్పెడు గడ్డి పట్టుకుని లాగండి. పోచలు మొదట్లో కుళ్లి ఒక్కొక్కటీ ఊడివస్తున్నాయా, చాప చుట్టినట్టు మొత్తం లేచి వస్తోందా, అసలు కదలకుండా ఆకుల మీద మాత్రమే మచ్చలున్నాయా? ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు. ఎన్ని విల్లాలుంటే అన్నిచోట్లా విడిగా చూడండి. ఒకే వారంలో వచ్చాయని ఒకే తెగులు అనుకోవద్దు.

ఇంకొకటి. ప్రతి అంచు దగ్గరా అరచేయంత ముక్క వేళ్లతో, మట్టితో సహా తీసి, తడిపిన కాగితంలో చుట్టి, పాలిథిన్ కవరులో వేసి, కవరు మీద విల్లా నంబరు రాయండి. రాత్రంతా గదిలోనే ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. తెల్లవారి ఏం కనబడిందో ఇక్కడ రాయండి.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ "మందు చెప్పండి సార్" అని వచ్చిన రైతును మొక్క తెచ్చావా అనే ముందు అడిగేవాణ్ణి. లాన్ అయినా గడ్డే, వరి అయినా గడ్డి జాతే.

గోపి_లాన్స్ | ఆగస్టు 11, ఉదయం 8:30

పెద్దాయనగారూ, మీరు చెప్పినట్టే చేశాను. నిజంగా నాలుగు రకాలుగా ఉంది!

3, 4, 5 విల్లాల్లో మచ్చ గుండ్రంగానే ఉంది. పొద్దున ఆరింటికి అంచు చుట్టూ పొగ పట్టినట్టు నల్లటి వలయం కనబడింది, ఎండ రాగానే మాయమైంది. లాగితే పోచలు ఊడివస్తున్నాయి, మొదలు గోధుమరంగులో మెత్తబడి ఉంది.

7లో అసలు గుండ్రంగా లేదు. నేనే సరిగ్గా చూడలేదు. గోడ దగ్గర నుంచి డ్రెయిన్ జాలీ దాకా పల్లానికి చారల్లా సాగింది. ఆకులు నూనె రాసినట్టు నల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. కవరులో తెల్లారేసరికి దూది పెట్టినట్టు తెల్లటి బూజు. మా ఆవిడ కవరు చూసి బయట పడేయమంది.

9లో గడ్డి దుప్పటిలా లేచింది. కింద వేళ్లే లేవు. తెల్లగా ఒళ్లు ముడుచుకుని పడుకున్న పురుగులు అడుగు చదరంలో పన్నెండు లెక్కపెట్టాను.

10లో మచ్చలు చిన్నవి, రూపాయి బిళ్ల నుంచి అరచేయంత వరకు. ఆకు మధ్యలో పాలిపోయి అటూ ఇటూ ఎర్రటి గోధుమరంగు అంచు. లాగితే రావడం లేదు.

మల్లేషన్నా, మెషిన్ కడగం. బ్లేడు ఉగాదికి సాన పట్టించాను. ముసురులో తడిమీదే కొట్టాం, శనివారం ఫంక్షన్ ఉందని ఒత్తిడి చేశారు.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 11, ఉదయం 10:15

ఇంత బాగా చూసి రాసినందుకు సంతోషం. సగం వైద్యం అయిపోయింది.

3, 4, 5 విల్లాలది రైజోక్టోనియా. లాన్ వాళ్లు బ్రౌన్ ప్యాచ్ అంటారు. వరిలో పాముపొడ తెగులు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, అక్కడా ఇక్కడా అదే శిలీంద్రం. వరిలో ఆకుతొడుగు మీద పాము ఒంటి మచ్చల్లా పొడ కడుతుంది, ఇక్కడ పోచ మొదట్లోని ఆకుతొడుగును కుళ్లబెడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగకుండా, ఆకు పది గంటలకు పైగా తడిగా ఉంటే దానికి పండగ. దానికి తోడు మీరు యూరియా వేశారు. లేత పోచ, పలుచని కణం, దానికి తిండి. వరిలోనూ నత్రజని ఎక్కువైన మడికే పాముపొడ ముందు వస్తుంది. మీ కార్బెండజిమ్ దీనిమీద కొంత పనిచేస్తుంది, అందుకే రెండు చోట్ల ఆగింది.

7వ నంబరుది పిథియం. నారుమడిలో నారుకుళ్లు తెచ్చే జాతి. ఇది చూడటానికి బూజేగానీ అసలు శిలీంద్రాల వంశం కాదు. కార్బెండజిమ్ దానిమీద బొత్తిగా పనిచేయదు. పైగా దానికి పోటీగా మట్టిలో ఉండే ఇతర శిలీంద్రాలను అణచి, దారి చదును చేసి పెడుతుంది. నీటితో పాటు ఈదుకుంటూ పోతుంది కాబట్టే పల్లానికి చారలా సాగింది. మీరు అక్కడ కొట్టిన రెండు ట్యాంకులూ వృథా.

9వ నంబరుది తెగులే కాదు, వేరుపురుగు. అడుగు చదరంలో ఐదారు దాటితేనే లాన్ తట్టుకోలేదు, మీకు పన్నెండున్నాయి. దానికి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే అయోమయం అవుతుంది.

10వ నంబరుది డాలర్ స్పాట్ అనే ఆకుమచ్చ తెగులు. ఆ ఇంట్లో ఎరువు తక్కువ వేస్తున్నారేమో కనుక్కోండి.

గోపి_లాన్స్ | ఆగస్టు 11, ఉదయం 10:40

సార్, 10వ నంబరు మేడమ్ అంతా సేంద్రియం అంటారు. యూరియా తెస్తే గేటు బయటే ఆపేస్తారు. అందుకే ఆ ఒక్క ఇంట్లో వేయలేదు. మిగతావాళ్లకు ఎక్కువై ఒకటి వస్తే, ఆమెకు తక్కువై ఇంకొకటి వచ్చిందన్నమాట!

మెషిన్_మల్లేష్ | ఆగస్టు 11, మధ్యాహ్నం 1:10

పది మందికి వండితే ఉప్పు ఎక్కువ ఒకనికి, తక్కువ ఒకనికి. గట్లనే ఉంటది తమ్మీ.

ఇప్పుడు చెప్పు, మెషిన్ ఏ వరుసల నడుస్తది? సోమారం ముందు ఏ ఇల్లు?

గోపి_లాన్స్ | ఆగస్టు 11, మధ్యాహ్నం 1:25

3, 4, 5, తర్వాత... అయ్యో. 3, 4, 5 ఒకదాని తర్వాత ఒకటి. మొదట మచ్చ వచ్చింది 3లోనే.

మెషిన్_మల్లేష్ | ఆగస్టు 11, మధ్యాహ్నం 1:40

నేను అదే అంటున్న. రోగమున్న ఇల్లు ముందు కొడితే, తడిగడ్డి తుక్కు డెక్కుకు, అంటే బ్లేడు మీది మూతకు, అంటుకొని పక్కింటికి పోతది. ఆ తుక్కులనే తెగులుంటది. మంచిగున్న ఇండ్లు ముందు, రోగమున్న ఇల్లు ఆఖరుకు. దవాఖానల డాక్టరు రౌండ్లు తిరిగినట్టు తిరగొద్దు. ఆడ అందరూ రోగులే. నీకాడ కాదు.

తుక్కంతా బ్రష్షుతో దులిపి, పైపుతో కడిగి, ఆరినంక డెక్కు లోపల, బ్లేడుకు సర్జికల్ స్పిరిట్ తుడుస్తం మేము. బ్లీచింగ్ నీళ్లు కూడా కొడతరు, ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. కానీ వెంటనే మంచినీళ్లతో కడగకుంటే ఇనుము తింటది. ఐదు నిమిషాల పని. బూట్ల అడుగు కూడా తుడుసుకోండ్రి.

బ్లేడు ఎనిమిది పది గంటలు నడిస్తే సాన పట్టాలె. నువ్వు ఉగాదికి పట్టించినవ్ అంటే ఇప్పుడది బ్లేడు కాదు, కర్ర. మొద్దు బ్లేడు గడ్డిని కొయ్యదు, చింపుతది. చింపిన కొన తెల్లగ పీచులు పీచులుగ ఉంటది, తెగులు అందులకెళ్లే లోపలికి పోతది.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 11, సాయంత్రం 6:20

మల్లేష్ చెప్పింది సరైనదే. చిన్న సవరణ మాత్రం చేస్తాను, లేకపోతే రేపు మెషిన్ కడిగినా మచ్చ వచ్చిందేమిటని గోపి నన్ను అడుగుతాడు. రైజోక్టోనియా ఆ మట్టిలో ముందునుంచీ ఉండేదే, గింజల్లాంటి గట్టి ముద్దలుగా ఏళ్ల తరబడి పడుకుంటుంది. మెషిన్ తేకపోయినా అదను దొరికితే లేస్తుంది. పిథియం విషయంలో మాత్రం తడిలో నడిచిన చక్రం, బూటు పెద్ద నేరస్తులు. తడిగడ్డి మీద మెషిన్ కొట్టకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఫంక్షన్ ఉన్నా సరే.

విల్లా_గృహిణి | ఆగస్టు 11, రాత్రి 9:00

నేను మీ వృత్తి మనిషిని కాదు, మీలాంటివాళ్లకు జీతమిచ్చే మనిషిని. ఒకటి అడగనా? మీ కమ్యూనిటీలో స్ప్రింక్లర్లు ఎన్నింటికి తిరుగుతాయి? మా దగ్గర ఎస్‌టీపీ నీళ్లు, అంటే శుద్ధి చేసిన మురుగునీళ్లు, రాత్రి తొమ్మిదింటికి వదులుతారు, ఆ టైముకు ట్యాంకు నిండుతుందట. మా తోటమాలి మార్చమంటే అసోసియేషన్ వాళ్లు వినలేదు. చివరికి నేనే వెళ్లి గొడవ పెట్టుకున్నాను.

గోపి_లాన్స్ | ఆగస్టు 11, రాత్రి 9:20

మేడమ్, మాదీ రాత్రి తొమ్మిదే. ఇప్పుడు మీరు అడిగాక సెక్యూరిటీ అన్నకు ఫోన్ చేశాను. ముసురు పట్టిన వారం కూడా టైమర్ ఆపలేదట. వానలో స్ప్రింక్లర్లు తిరిగాయి!

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 12, ఉదయం 6:00

ఇక్కడే ఉంది మీ రోగం. రాత్రి తొమ్మిదికి తడిసిన ఆకు మర్నాడు ఎనిమిదికి గానీ ఆరదు. పదకొండు గంటలు. ఇంతకుముందు పది గంటలని చెప్పాను గుర్తుందా?

తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య పెట్టించండి. ఆ వేళకు మంచుతో ఆకు ఎలాగూ తడిసే ఉంటుంది, మీ నీళ్లు తడి గంటలను పెంచవు. పైగా ఆకు కొనల్లో ఉబికిన గడ్డి రసాన్ని, మంచును కడిగేస్తాయి. రోజూ చిలకరింపు కాకుండా వారానికి రెండుసార్లు లోతుగా పెట్టండి. వానలు లేని వారంలో 100 చదరపు మీటర్లకు, అంటే సుమారు 120 గజాలకు, 2,500 లీటర్ల దగ్గర సరిపోతుంది. వాన పడిన వారం టైమర్‌కు సెలవు.

ఎస్‌టీపీ నీళ్లలో కొంత నత్రజని, ఉప్పు రెండూ ఉంటాయి. ఆ నీళ్లు పెట్టే లాన్‌కు యూరియా లెక్క తగ్గించాలి. మీరు ఎంత వేశారు?

గోపి_లాన్స్ | ఆగస్టు 12, ఉదయం 7:15

120 గజాలకు సుమారు రెండున్నర కిలోలు సార్. పచ్చబడితే బిల్లు ఇస్తారని ఆశ.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 12, ఉదయం 7:40

మామూలు నీళ్లు, మంచి ఎండ ఉన్న కాలంలోనే ఒక కిలో దగ్గర ఆపాలి. అదీ నెలకోసారి. తెగులు కనబడ్డాక అసలు వద్దు. 10వ నంబరు మాత్రం దీనికి తలకిందులు. ఆమెకు నత్రజని కావాలి. బాగా మాగిన వర్మి కంపోస్ట్, వేపపిండి కలిపి పలుచగా చల్లితే ఆమె మాట దక్కుతుంది, గడ్డీ తేరుకుంటుంది. పచ్చి పేడ మాత్రం తెచ్చి పోయకండి. వేరుపురుగుకు మనమే పిలుపు పంపినట్టు.

కడియం_కుర్రోడు | ఆగస్టు 12, ఉదయం 11:30

నమస్తే అండి, కడియపులంక నుంచి. 7వ నంబరు లాన్ ఎప్పుడేశారండి? చాపలా కోసి తెచ్చిన గడ్డి మ్యాట్ ఏశారా, పోచలు నాటారా? అడగటానికి కారణముందండి. మా దగ్గర మ్యాట్ కింద బంకమట్టి పొర ఉంటాది. మీ వైపు బిల్డర్లు కింద మొరం పోసి తొక్కించి, పైన రెండంగుళాల ఎర్రమట్టి పరిచి, దానిమీద మ్యాట్ పరిచేత్తారు. నీళ్లు కిందకి దిగవు, మధ్యలో నిలబడిపోతాయి. పైన ఆరినట్టే ఉంటాది, సువ్వ గుచ్చితే లోపల బురద. అలాంటిచోట ఏ మందు కొట్టినా రెండు వారాలే అండి.

ఇంకోటి, మెక్సికన్ అని ఒక నర్సరీలో ఇచ్చిన గడ్డి, పక్క నర్సరీలో మెక్సికన్ అని ఇచ్చిన గడ్డి ఒకటే అని నమ్మకండి. పేరు కాదు, ఆకు చూసి కొనుక్కోండి.

గోపి_లాన్స్ | ఆగస్టు 12, మధ్యాహ్నం 3:50

సువ్వ గుచ్చాను. రెండంగుళాల దగ్గర ఆగిపోయింది, బయటికి తీస్తే బురద. మీకు దండం బ్రదర్.

తోటపని_రాజు | ఆగస్టు 12, సాయంత్రం 5:00

అన్నీ బానే ఉన్నాయి. కానీ మందు ఏదో చెప్పండయ్యా. సువ్వ గుచ్చితే బిల్లు రాదు కదా.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 12, సాయంత్రం 7:30

రాజుగారి ఆత్రం న్యాయమైనదే.

పాముపొడ వర్గానికి, అంటే 3, 4, 5కు, హెక్సాకొనజోల్ 5 శాతం లీటరుకు 2 మి.లీ. లేదా ప్రొపికొనజోల్ 25 శాతం లీటరుకు 1 మి.లీ. వరిలో వాడే వాలిడామైసిన్ కూడా దీనిమీద పనిచేస్తుంది, లీటరుకు 2 మి.లీ. ఒకటి ఎంచుకోండి, మూడూ కలపకండి. పదిహేను రోజుల తర్వాత రెండోసారి అవసరమైతే మందు గుంపు మార్చండి. హెక్సాకొనజోల్ నుంచి ప్రొపికొనజోల్‌కు మారడం మార్పు కాదు, రెండూ ఒకే గుంపు. మోతాదు పెంచారో, గరిక జాతి గడ్డి ఎండలో ముడుచుకుని ఎదుగుదల ఆగి, రంగు మారుతుంది. అప్పుడు తెగులు ముదిరిందని మళ్లీ కొడతారు. ఇలా చేతులారా చంపిన లాన్లు చూశాను.

7కు మెటలాక్సిల్, మ్యాంకోజెబ్ కలిపిన పొడి లీటరుకు 2 నుంచి 2.5 గ్రాములు. కానీ కడియం అబ్బాయి చెప్పినట్టు నీళ్లకు దారి చేయకపోతే ఇది డబ్బు తగలేయడమే. 10కు ఎరువు వేసి పది రోజులు చూడండి, మందు అక్కర్లేకపోవచ్చు.

ఎంత విస్తీర్ణానికి ఎన్ని ట్యాంకులు కొట్టారు?

గోపి_లాన్స్ | ఆగస్టు 12, రాత్రి 8:00

16 లీటర్ల ట్యాంకు. మూడు విల్లాలకు కలిపి ఒకటి. మొత్తం 700 గజాలు ఉంటుంది.

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 12, రాత్రి 8:10

ఒక ట్యాంకు 200 గజాలకు మించి రాకూడదు. పోచ మొదలు తడవాలి. మీరు కొట్టింది మందు కాదు, అక్షింతలు. జిగురు మందు లీటరుకు అర మి.లీ. కలపండి, సన్నాకు మీద నీటిబొట్టు నిలవదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ మందుల్లో చాలావాటి లేబుల్ మీద పంటల పేర్లే ఉంటాయి, లాన్ అనే మాట కనబడదు. కాబట్టి మోతాదులో సొంత తెలివి వాడకండి. డబ్బా మీద విషం తీవ్రతను చెప్పే త్రికోణం రంగు చూసి చేతి తొడుగులు, మాస్కు వేసుకోండి. కుర్రాళ్లకు కూడా.

విశాఖ_పద్మ | ఆగస్టు 13, ఉదయం 9:45

పెద్దాయనగారి మాటకు నా అనుభవం జోడిస్తాను. రుషికొండ వైపు నలుగురు పనివాళ్లతో ఇదే వ్యాపారం చేస్తున్నాను. సముద్రపు తేమకు మాకు ఈ బూజులు ఆరు నెలల చుట్టరికం.

రెండేళ్ల క్రితం ఒక బంగ్లాలో అజాక్సీస్ట్రోబిన్ అనే బూజు మందు కొట్టించాను. మందు మంచిదే, మచ్చ ఆగింది. కానీ లాన్ చివర చిన్న చేపల కొలను ఉంది. మా కుర్రాడు ట్యాంకు కడిగిన నీళ్లు ఆ మూలే పారబోశాడు. సాయంత్రానికి రంగు చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ గుంపు మందులు చేపలకు విషం, డబ్బా మీద రాసే ఉంది, మేమే చదవలేదు. మూడు నెలల కాంట్రాక్టు డబ్బు ఆ చేపలకే పోయింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు కొలను ఉందా, బావి ఉందా, కుక్క ఉందా అని అడుగుతాను. మందు కొట్టిన లాన్‌కు తాడు కట్టి, ఆకు పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని, కుక్కల్ని రానివ్వద్దని ఇంటివాళ్లకు వాట్సాప్ పెడతాను. వాట్సాప్ ఎందుకంటే నోటిమాటకు సాక్ష్యం లేదు.

ఇక గోపీ, నీ అసలు రోగం బిల్లు. నీ నెల కాంట్రాక్టులో ఏమేం ఉన్నాయి?

గోపి_లాన్స్ | ఆగస్టు 13, ఉదయం 10:00

కాంట్రాక్టు అంటే... నెలకు ఇంత, గడ్డి చూసుకుంటాను అని నోటిమాట అక్కా.

విశాఖ_పద్మ | ఆగస్టు 13, ఉదయం 10:30

"గడ్డి చూసుకుంటాను" అన్నావంటే వానకూ, పురుగుకూ, బిల్డర్ పోసిన మొరానికీ, అసోసియేషన్ టైమర్‌కూ అన్నిటికీ జామీను సంతకం పెట్టినట్టే.

నేను ఒక కాగితం రాయిస్తాను. కోత, అంచులు, కలుపు, ఎరువు నెల రేటులో ఉంటాయి. తెగులు, పురుగు మందులు విడిగా, మందు ఖరీదు బిల్లు చూపించి, కూలి ట్యాంకుకు ఇంత అని. నీళ్లు ఎవరి చేతిలో ఉంటే తడి వల్ల వచ్చే తెగులు వాళ్ల బాధ్యత, ఈ వాక్యం మాత్రం మరిచిపోకు. జూన్ మొదటివారంలో ప్రతి లాన్ నాలుగు మూలలా ఫొటో తీసి పంపిస్తాను. "మీరొచ్చాకే పోయింది" అనే మాటకు అదొక్కటే జవాబు. తగ్గిస్తాను అంటాను, గ్యారంటీ అని ఎప్పుడూ అనను. చచ్చిన పోచ మళ్లీ పచ్చబడదు, మచ్చ పెరగడం ఆగితే మందు పనిచేసినట్టు, పక్కనుంచి కొత్త పోచ పాకి నిండటానికి నెల పడుతుంది అని మందు కొట్టకముందే చెప్తాను. చెప్పకపోతే వారం తర్వాత మచ్చ అలాగే ఉందేంటని ఫోన్ వస్తుంది.

విల్లా_గృహిణి | ఆగస్టు 13, ఉదయం 11:15

పద్మగారి చివరి మాట నా తరఫున కూడా రాసుకోండి. మాకు కోపం గడ్డి పోయినందుకు కాదు. అడిగిన ప్రతిసారీ "తగ్గిపోతుంది మేడమ్" అంటారు చూడండి, అందుకు.

ఫ్రిస్కో_శ్రీను | ఆగస్టు 13, రాత్రి 9:30

టెక్సాస్ నుంచి. ఇక్కడ మా ఇంటి సెయింట్ అగస్టీన్ గడ్డికి ఇదే రైజోక్టోనియా దసరా దాటాక వస్తుంది, రాత్రుళ్లు చల్లబడ్డప్పుడు. నడివేసవిలో మా ఎండకు అది లేవదు. మీకు ఆగస్టులో, మాకు అక్టోబరులో. కానీ కారణం చూస్తే నవ్వొచ్చింది. నేనూ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి నీళ్లు పెట్టేవాణ్ణి, చలికి ముందు పచ్చగా ఉండాలని సెప్టెంబరు చివర్లో నత్రజని దట్టించేవాణ్ణి. వరుసగా రెండేళ్లు అదేచోట అదే గుండ్రం.

ఇక్కడ డబ్బు తీసుకుని ఇతరుల లాన్‌కు మందు కొట్టాలంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి, పరీక్ష రాయాలి. అందుకే గడ్డి కోసే మనిషిని మందు కొట్టమంటే చాలామంది నా వల్ల కాదంటారు. కోత ఒకరు, మందు ఒకరు. ఇద్దరూ ఒకరిమీద ఒకరు చెప్పుకోవడం మాత్రం అక్కడిలాగే.

బొల్లారం_బాబు | ఆగస్టు 14, ఉదయం 7:00

మధ్యలో దూరుతున్నాను. మా లాన్‌లో ముదురుపచ్చ వలయం, దాని వెంట పుట్టగొడుగులు. ఇంకోచోట గడ్డి మీద బూడిద పోసినట్టుంది. రెండూ ఇదే తెగులా?

రాజేంద్రనగర్_పెద్దాయన | ఆగస్టు 14, ఉదయం 7:30

కాదు. వలయం కింద పాత చెట్టు మోడో, బిల్డర్ పూడ్చిన చెక్కో ఉంటుంది, తవ్వి చూడండి. అది కుళ్లుతూ ఎరువవుతోంది, అందుకే పచ్చ. మందులు దానికి పెద్దగా పట్టవు. సువ్వతో దగ్గరదగ్గరగా గుచ్చి బాగా నీళ్లు పట్టించండి. పుట్టగొడుగులు పిల్లలు నోట్లో పెట్టుకోకముందే ఏరేయండి. బూడిదది జిగురు బూజు, గడ్డిని తినదు, దాన్ని మెట్టు చేసుకుని ఎక్కి కూర్చుంటుంది అంతే. పైపుతో కడిగేయండి.

మెషిన్_మల్లేష్ | ఆగస్టు 14, ఉదయం 8:10

బూడిదకు మందు కొట్టి పైసలు తీసుకునేటోళ్లను నేను చూసిన. రాజన్నా, నిన్ను కాదు.

గోపి_లాన్స్ | సెప్టెంబరు 4, రాత్రి 9:15

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైంది, మన్నించండి.

3, 4, 5లో హెక్సాకొనజోల్ ఒకసారి కొట్టాం, ఈసారి లెక్క ప్రకారం ట్యాంకులు. మచ్చ ఆగింది. 5లో రెండోసారి కావాల్సి వస్తే వాలిడామైసిన్‌కు మారాను. పోచలు పాకుతున్నాయి, ఇంకా పూర్తిగా నిండలేదు. 10వ నంబరులో మందు లేకుండానే మచ్చలు తగ్గాయి. మేడమ్ వర్మి కంపోస్ట్ ఖరీదు అడగకుండా ఇచ్చారు.

టైమర్ మార్చడానికి మూడుసార్లు అసోసియేషన్ ఆఫీసుకు తిరిగాను. కుదరదన్నారు. చివరికి ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి 4వ నంబరు గడ్డిలో ఫెసిలిటీ మేనేజర్‌ని చెప్పుల్లేకుండా నడిపించాను. కాళ్లు తడిసి, "ఇంకా ఆరలేదేంటి" అన్నాడు. ఆ వారమే నాలుగున్నరకు మారింది.

7వ నంబరులో డ్రెయిన్ పక్కన అడుగు లోతు కాలువ తవ్వి కంకర, ఇసుక నింపాం. తెగులు బూజులను అణచే మంచి శిలీంద్రం ట్రైకోడెర్మా కూడా వేశాను, రెండు కిలోలకు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి లెక్కన కలిపి వారం నీడలో మాగబెట్టి. మందు కొట్టిన పదిహేను రోజుల తర్వాతే వేశాను, పెద్దాయనగారు ఫోన్‌లో చెప్పారు, లేకపోతే మందుకు అదీ చస్తుందట. సార్ సగం బిల్లు ఇచ్చాడు. మిగతా సగం గడ్డి నిండాక అన్నాడు. సువ్వ గుచ్చి బురద చూపించినప్పటి నుంచి అరవడం మాత్రం లేదు.

9వ నంబరు పోయింది. వాళ్లు పెట్టుకున్న కొత్త మనిషి శిలీంద్రం మందు కొడుతున్నాడని సెక్యూరిటీ అన్న చెప్పాడు. నేను పురుగు అని చెప్పి, ఫొటో కూడా పంపాను. చూసి జవాబివ్వలేదు.

రెండో బ్లేడు కొన్నాను. ఒకటి సానకు పోతే ఒకటి మెషిన్‌లో. పద్మక్క చెప్పిన కాగితం తొమ్మిది ఇళ్లలో సంతకం అయింది.

విశాఖ_పద్మ | సెప్టెంబరు 4, రాత్రి 9:40

పదో ఇల్లు ఎందుకు కాలేదు?

గోపి_లాన్స్ | సెప్టెంబరు 4, రాత్రి 9:45

ఆయన లాయరు అక్కా. చదివి చెప్తానన్నారు.

తోటపని_రాజు | సెప్టెంబరు 6, ఉదయం 6:50

ఇక్కడ చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా పాత క్లయింట్ ఇంట్లో ఏటా వానాకాలం ఒక మూల పోతుంది. ఏటా అదే పొడి కొడతాను, చలికాలానికి తేరుకుంటుంది, నా మందు పనిచేసిందనుకుంటాను. నిన్న గుప్పెడు పట్టి లాగాను. దుప్పటిలా లేచింది. అక్కడ పొద్దునపూట గోరింకలు, కాకులు ఎందుకు తవ్వుతున్నాయో ఇన్నేళ్లకు తెలిసింది.

మెషిన్_మల్లేష్ | సెప్టెంబరు 6, ఉదయం 7:05

పోనీలే అన్నా. మోకాలుకు మాత్రం ఆ పొడి ఆపినవా?